అడకత్తెరలో పిన్ను

చిన్న సరస్సు. అల్యూమినియం పడవ. వెనక చెక్కకు బిగించిన రెండు హార్స్‌పవర్ మోటారు తుమ్మెదలా రొద చేస్తూ పోతోంది. ఒడ్డు దగ్గరపడుతుండగా నీటి అడుగున ఠంగుమని చప్పుడు. పడవ ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. ఆ వెంటనే ఇంజను గొంతు చించుకుని అరవడం మొదలుపెడుతుంది. చేతిలోని పిడి తిప్పి వేగం పెంచితే అరుపు పెరుగుతుంది గాని పడవ అడుగు ముందుకు వెయ్యదు. చైను ఊడిపోయిన సైకిలు తొక్కుతున్నట్టు ఉంటుంది.

కొత్తవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఇంజను ఇంత బాగా తిరుగుతోంది, ఇంకాస్త వేగం పెంచితే పడవే కదులుతుందిలే అనుకుంటారు. చెయ్యి తిరిగినవాళ్లు ఆ అరుపు వినగానే మోటారు ఆపేసి తెడ్డు అందుకుంటారు. "పిన్ను పోయింది" అంటారు, అంతే. వీధి దీపాలన్నీ వెలుగుతూ మన ఇల్లొక్కటే చీకటైనప్పుడు "ఫ్యూజు పోయింది" అన్నంత మామూలుగా.

ఆ పోలిక మాటవరసకు తెచ్చింది కాదు. ఇంట్లో ఫ్యూజు తీగ, పడవ మోటారులో షియర్ పిన్ను ఒకే ఆలోచనకు పుట్టిన కవలలు. పిన్ను చూడటానికి అగ్గిపుల్లకంటే పొట్టిగా, దానికి రెండింతల లావుగా ఉంటుంది. ఎక్కువగా ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో అయి ఉంటుంది. మోటారులో మిగతా భాగాలన్నీ విరగకుండా ఉండాలని చేసినవి. ఇదొక్కటే విరగాలని చేసింది. అది ఎప్పుడు విరగాలో ముందే లెక్క కట్టి మరీ చేసింది.

నీటి కింద ఏముంది?

పడవ వెనక తగిలించే ఈ మోటారును అవుట్‌బోర్డ్ మోటారు అంటారు. ఇలాంటివి చెయ్యాలని 20వ శతాబ్దం మొదట్లో చాలామంది ప్రయత్నించారు. వాటిని ఇంటింటి వస్తువుగా చేసినవాడు ఓలే ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, విస్కాన్సిన్ రాష్ట్రంలో పెరిగాడు. ఎండాకాలంలో సరస్సు మధ్య దీవిలో విందు చేసుకుంటుంటే అతను మనసిచ్చిన బెస్ ఐస్‌క్రీమ్ కావాలందట. పడవ వేసుకుని ఒడ్డుకు వెళ్లి తెచ్చేసరికి అది కాస్తా కరిగి నీరైపోయిందట. తెడ్డుకు బదులు యంత్రం ఉంటే బాగుండునన్న ఆలోచన అప్పుడే వచ్చిందని కథ చెబుతారు. కథలో నిజమెంతో ఏమోగాని, 1909లో మిల్వాకీలో అతను అమ్మకానికి పెట్టిన మోటారు మాత్రం నిజం. దాని శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు 28 కిలోలు.

ఆనాటికీ ఈనాటికీ మోటారు స్వరూపం పెద్దగా మారలేదు. పైన ఇంజను. దాని నుంచి నిలువుగా కిందికి దిగే ఇరుసు. అడుగున గేర్ల పెట్టె. అందులో పళ్లు పళ్లతో కలిసి తిరుగుడును నిలువు నుంచి అడ్డానికి మళ్లిస్తాయి. ఆ అడ్డ ఇరుసు చివర ప్రొపెల్లర్ ఉంటుంది. పడవ అడుగుకన్నా లోతున ఉండి నీటిని వెనక్కి తోసేది ఇదే కాబట్టి, అడుగున రాయి ఉన్నా మోడు ఉన్నా మొదట తగిలేది దీనికే. విస్కాన్సిన్ సరస్సుల్లో చాలావరకు ఒకప్పటి హిమానీనదాల వల్ల ఏర్పడిన గుంతలు. మంచు కరిగి వెళ్తూ వెళ్తూ బండరాళ్లను అక్కడే వదిలిపోయింది. అవుట్‌బోర్డు పెరిగిన ఊళ్లోనే దాని శత్రువు కూడా కాపురముంటోంది.

ప్రొపెల్లర్ ఇరుసుకు గట్టిగా అతుక్కుని ఉంటుందని మనం అనుకుంటాం. చిన్న మోటారులో అలా ఉండదు. గాజు చేతికి తొడిగినట్టు ఇరుసు మీదికి వదులుగా జారుతుంది. ఇరుసుకు అడ్డంగా ఒక బెజ్జం ఉంటుంది. అందులో పిన్ను దూరుస్తారు. దాని కొనలు రెండూ రెండు వైపులా కాస్త బయటికి పొడుచుకుని ఉంటాయి. ప్రొపెల్లర్ మధ్య భాగంలో ఆ కొనలకు సరిపడా గాడి ఉంటుంది. ప్రొపెల్లర్‌ను ముందుకు తోస్తే కొనలు గాడిలో కూర్చుంటాయి. ఇరుసు తిరిగితే పిన్ను తిరుగుతుంది, పిన్ను తిరిగితే ప్రొపెల్లర్ తిరుగుతుంది. ఇంజను పుట్టించే శక్తి యావత్తూ నీటిని చేరాలంటే ఆ రెండు కొనల మీదుగానే పోవాలి. వేరే దారి లేదు.

పోకచెక్క మీద ఎంత బరువు?

షియర్ అంటే కత్తిరింపు. మన భాషలో దీనికి అంతకన్నా మంచి బొమ్మ ఉంది: అడకత్తెరలో పోకచెక్క. రెండు అంచులు ఒకదాని పక్కనుంచి ఒకటి ఎదురెదురుగా జరుగుతుంటే మధ్యలో ఇరుక్కున్నది తెగుతుంది. మోటారులో ఒక అంచు ఇరుసు, రెండో అంచు ప్రొపెల్లర్. ఇరుసు తిరుగుదామంటుంది, నీరు ప్రొపెల్లర్‌ను ఆపుదామంటుంది. మధ్యలో పిన్ను. పైగా కొనలు రెండు కాబట్టి ఒకే పిన్ను మీద రెండు అడకత్తెరలు పనిచేస్తున్నాయి.

ఎంత బలం పడుతోందో చిన్న లెక్క వేద్దాం. రెండు హార్స్‌పవర్ అంటే సుమారు 1,500 వాట్లు. ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతోందనీ, గేర్లు దాన్ని సగానికి తగ్గించి ప్రొపెల్లర్‌కు 2,500 చుట్లు ఇస్తున్నాయనీ అనుకుందాం. శక్తిని తిరిగే వేగంతో భాగిస్తే మెలితిప్పే బలం వస్తుంది: 5.7 న్యూటన్ మీటర్లు. మీటరు పొడవు కర్ర చివర అరకిలో పైచిలుకు బరువు వేలాడదీస్తే చేతి మణికట్టు మీద పడే మెలిక అది. చెప్పుకోదగ్గదేం కాదు.

కాని పిన్ను దగ్గర సంగతి వేరు. ఇరుసు మందం 10 మిల్లీమీటర్లు అయితే కోత జరిగే చోటు మధ్యనుంచి 5 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. తలుపును బందుల దగ్గర తోస్తే ఎంత కష్టమో తెలుసు కదా. మీటరు దూరంలో అరకిలోగా ఉన్నది 5 మిల్లీమీటర్ల దగ్గర, రెండు కొనలకూ పంచగా, ఒక్కొక్కదాని మీద 570 న్యూటన్లు అవుతుంది. అంటే 58 కిలోల బరువు. ఒక మనిషి ఒక్కో కొన మీద కూర్చున్నట్టు.

పిన్ను దాన్ని మోయగలదా? 4 మిల్లీమీటర్ల లావు పిన్నును అడ్డంగా కోస్తే కనిపించే ముఖం వైశాల్యం సుమారు 12.6 చదరపు మిల్లీమీటర్లు. మామూలు ఇత్తడి చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్ల కోతను ఓర్చుకుంటుందనుకుంటే, ఒక్కో కొన 2,500 న్యూటన్లకు గాని తెగదు. అంటే 255 కిలోలు. రోజువారీ బరువుకు నాలుగున్నర రెట్లు.

ఆ నాలుగున్నర రెట్లు దుబారా కాదు. ఒకే సిలిండరున్న ఇంజను సమంగా లాగదు. మంట అంటుకున్నప్పుడల్లా ఒక గుద్దు గుద్దుతుంది, మధ్యలో ఊపిరి తీసుకుంటుంది. గేరు పడినప్పుడు ఇంకో కుదుపు. 5.7 అన్నది సగటు మాత్రమే, గుద్దు దానికి కొన్ని రెట్లు. ఆ గుద్దులకు పిన్ను తెగకూడదు. రాయి తగిలినప్పుడు తెగకపోనూ కూడదు. ఈ రెండు హద్దుల మధ్య ఉన్న సన్నని గట్టు మీదే పిన్నును నిలబెట్టారు.

దెబ్బ ఎక్కడికి పోతుంది?

పిన్ను దెబ్బను తాను తిని గేర్లను కాపాడుతుందని చాలామంది చెబుతారు. వినడానికి బాగుంటుంది గాని లెక్కకు నిలవదు.

ఇంజను పైన ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తిరుగుతుంటుంది. కిలోన్నర బరువు, అదంతా మధ్యనుంచి 6 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. నిమిషానికి 5,000 చుట్ల వేగంలో దానిలో దాగి ఉండే శక్తి సుమారు 740 జౌళ్లు. పది కిలోల బియ్యం సంచిని ఏడున్నర మీటర్ల ఎత్తున్న మేడ మీదినుంచి పడేస్తే నేలను తాకేటప్పుడు ఉండే శక్తి అది. రాయికి తగిలి ప్రొపెల్లర్ టక్కున ఆగితే ఈ శక్తి అంతా ఎక్కడో ఒకచోట దిగాలి. గేరు పళ్ల మీదో, నిలువు ఇరుసు మీదో, రెక్కల మీదో.

మరి పిన్ను తెగడానికి ఎంత శక్తి కావాలి? 2,500 న్యూటన్ల బలం 4 మిల్లీమీటర్ల దూరం, రెండు కొనలకు. ఎంత లాగి చూసినా 20 జౌళ్లు దాటదు. 740లో 20. దెబ్బలో ముప్పయ్యో వంతును కూడా పిన్ను మింగలేదు.

అయితే అది చేసేదేమిటి? దారి తెంచేస్తుంది. ఇద్దరు కొట్లాటకు దిగినప్పుడు మధ్యవర్తి దెబ్బలు తినక్కర్లేదు, ఇద్దరి చేతులూ విడదీస్తే చాలు. పిన్ను తెగిన క్షణాన ప్రొపెల్లర్‌కూ ఇంజనుకూ సంబంధం పోతుంది. ఫ్లైవీల్ తన శక్తితో తాను హాయిగా తిరుగుతూనే ఉంటుంది. నీటిని తోసే పని పోయింది కాబట్టి ఇంజను పగ్గం తెంచుకున్న ఎద్దులా పరుగెత్తుతుంది. మొదట మనం విన్న అరుపు అదే. ఫ్యూజు కూడా ఇంతే. ఎక్కువైన కరెంటును అది మింగదు, దారి తెంచేస్తుంది.

అరుపు వినగానే మోటారు ఎందుకు ఆపాలో ఇప్పుడు తెలిసింది. పిన్ను గేర్లను కాపాడింది. బరువు లేక విపరీత వేగంతో తిరిగే ఇంజనును కాపాడే పని మనది.

పిన్ను మార్చే పని

మార్చడం పావుగంట పని. కష్టమంతా అది చేసే చోటుతోనే. ఊగే పడవలో వెనక్కి వంగి, నీటి మీద చేతులు చాచి చెయ్యాలి. వీలుంటే తెడ్డు వేసుకుని ఒడ్డుకు పోవడమే మేలు. వీలు కాకపోతే ముందు లంగరు వెయ్యండి. పిన్ను మారుస్తుండగా గాలి పడవను ఇంకో రాయి మీదికి తోస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది. పడవలో ఇంకొకరుంటే వాళ్లను ముందు వైపు కూర్చోబెట్టండి. ఇద్దరూ వెనక్కి చేరితే పడవ వెనక భాగం నీటిలోకి దిగిపోతుంది.

మోటారు ఆపాక, స్పార్క్ ప్లగ్ మీది టోపీ లాగి పక్కన పెట్టాలి. ఇది మరవకండి. చేత్తో ప్రొపెల్లర్ తిప్పితే ఇంజనూ తిరగవచ్చు. వేడి మీదున్న ఇంజను ఆ కాస్త తిరుగుడుకే అంటుకుంటే వేళ్లుండవు. తర్వాత మోటారును పైకి వంచి, ప్రొపెల్లర్ కింద ఒక తువ్వాలు పరిచి పట్టుకోవాలి. జారిన చిన్న ముక్క ఏదైనా నీటి అడుగున ఇక దొరకదు.

అన్నిటికన్నా చివర కనిపించేది స్ప్లిట్ పిన్ను, రెండు కాళ్లు విడదీసి వంచిన తీగ ముక్క. ప్లయరుతో కాళ్లు నిటారు చేసి లాగెయ్యాలి. దాని వెనక మరనో శంకువు లాంటి మూతో ఉంటే విప్పాలి. అప్పుడు ప్రొపెల్లర్ చేతిలోకి జారి వస్తుంది. గాడిలోంచి రెండు చిన్న ఇత్తడి తునకలు రాలతాయి. మూడో ముక్క, నడిమిది, ఇరుసు బెజ్జంలోనే ఉండిపోతుంది. పిన్నుకంటే కాస్త సన్నని పంచ్ పెట్టి సుత్తితో చిన్నగా తడితే అవతలికి వస్తుంది.

ఆ మూడు ముక్కలనూ అరచేతిలో పెట్టుకుని ఒకసారి చూడండి. తెగిన ముఖాలు నున్నగా, ఒకే తలంలో ఉంటే ఒక్క దెబ్బకు తెగిందన్నమాట, రాయి పని. ముక్కలు కాస్త వంగి, అంచులు అరిగి ఉంటే అది ఎన్నాళ్లుగానో కొద్దికొద్దిగా వంగుతూ వచ్చిందని అర్థం. బెజ్జం వదులైందా, పిన్ను కొలత తక్కువైందా చూసుకోవాలి. ముఖం గుల్లబారి ఎర్రగా ఉంటే నేరం ఉప్పునీటిది. ఇత్తడి అంటే రాగి, జింకుల కలయిక. ఉప్పునీరు మెల్లగా జింకును కరిగించుకుపోతే బలంలేని రాగి గుల్ల మిగులుతుంది.

ఇరుసు మీద లేచిన గరుకును ఆకురాయితో సాపు చేసి, ఇరుసు చుట్టూ చూడండి. చేపల గాలానికి వాడే నైలాన్ దారం ప్రొపెల్లర్ వెనక చుట్టుకుని ఉండటం మామూలు. అది ఆయిల్ సీలును కోసేస్తే గేర్ల పెట్టెలోకి నీరు పోతుంది. గేరు నూనె పాలలా తెల్లబడితే జరిగింది అదే. దారం ఉంటే ఇప్పుడే కోసి తీసెయ్యండి.

తర్వాత ఇరుసుకు గ్రీజు రాసి, కొత్త పిన్ను దూర్చి, రెండు కొనలూ సమంగా బయటికి ఉండేలా సర్దాలి. ప్రొపెల్లర్ తొడిగి, గాడిలో కొనలు కూర్చునేదాకా అటూ ఇటూ తిప్పాలి. మూత బిగించాలి. స్ప్లిట్ పిన్ను మాత్రం కొత్తది వెయ్యాలి. ఒకసారి వంచి, నిటారు చేసి, మళ్లీ వంచిన తీగ ఎక్కడ విరుగుతుందో చిన్నప్పుడు తీగను అటూ ఇటూ వంచి తుంచిన ప్రతివాళ్లకూ తెలుసు. అది విరిగితే పోయేది ఏకంగా ప్రొపెల్లరే.

మేకు పెడితే ఏం?

సరస్సు మధ్యలో కొత్త పిన్ను లేకపోతే? పడవలో ఎక్కడో ఒక మేకు ఉంటుంది. బెజ్జంలో పట్టేస్తుంది కూడా. పడవ కదులుతుంది, ఇల్లు చేరతాం. తర్వాత దాన్ని మరిచిపోతాం. ప్రమాదం మేకులో కన్నా ఆ మరుపులోనే ఎక్కువ.

లెక్క చూడండి. కోతను ఓర్చుకునే బలం పిన్ను లావు మీద కాదు, లావు వర్గం మీద ఆధారపడుతుంది. 4 మిల్లీమీటర్లకు బదులు 5 మిల్లీమీటర్లయితే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఇత్తడికి బదులు మామూలు ఇనుము అయితే ఇంకో ఒకటిన్నర రెట్లు. రెండూ కలిస్తే రెండుంపావు రెట్లు. నాలుగున్నర రెట్లున్న ఓర్పు పది రెట్లయింది. ఈసారి రాయి తగిలినప్పుడు పిన్ను తెగదు. 740 జౌళ్లు గేరు పళ్ల మీదికి దిగుతాయి. ఒక పన్ను విరిగినా పెట్టె మొత్తం విప్పాల్సిందే.

ట్రాక్టరు రోటవేటర్ నడిపే రైతుకు ఈ కథ కొత్త కాదు. ఇంజను నుంచి రోటవేటర్‌కు తిరుగుడు అందించే షాఫ్టులో చాలావాటికి షియర్ బోల్టు ఉంటుంది. చేలో రాయో వేరో అడ్డుపడితే అది తెగుతుంది. పని తొందరలో మాటిమాటికీ తెగుతోందని గట్టి బోల్టు బిగిస్తే ఆ తర్వాత పగిలేది గేరుబాక్సు. జలవిద్యుత్ కేంద్రాల్లోని ఫ్రాన్సిస్ టర్బైన్ల చుట్టూ నీటిని అదుపు చేసే రెక్కలకు కూడా ఇలాంటి పిన్నులే పెడతారు. రెండు రెక్కల మధ్య దుంగ ఇరుక్కుంటే అక్కడి పిన్ను తెగి, మిగతా రెక్కలు మూసుకోగలుగుతాయి. వంటింట్లో ప్రెషర్ కుక్కరు మూత మీదున్న సేఫ్టీ వాల్వుదీ అదే కులం. విజిల్ మూసుకుపోయి లోపల నీరు ఇగిరిపోతే, అందులోని లోహం ముందుగా కరిగి ఆవిరికి దారి ఇస్తుంది.

పెద్ద అవుట్‌బోర్డుల్లో పిన్ను ఉండదు. ప్రొపెల్లర్ లోపల రబ్బరు బుష్ ఉంటుంది, దెబ్బ తగిలితే జారుతుంది. బ్రిటిష్ సీగల్ మోటార్లలో స్ప్రింగు పెట్టారు. పద్ధతి ఏదైనా సూత్రం ఒక్కటే: విరిగేది ఏదో మనమే నిర్ణయించాలి, అది చవకగా, చేతికందే చోట ఉండాలి.

తెగకూడని వేళ తెగితే

ఇంతవరకూ పిన్ను బలం పెరిగితే వచ్చే ముప్పు చూశాం. తగ్గినా ముప్పే. బోయింగ్ 747 విమానం రెక్కకు ఇంజన్లను పట్టి ఉంచే అమరికలో ఫ్యూజ్ పిన్నులు ఉంటాయి. విపరీతమైన బలం మీద పడితే అవి తెగి, ఇంధనం నిండిన రెక్కను చీల్చకుండా ఇంజను ఊడిపోవాలన్నది ఉద్దేశం. 1992 అక్టోబరు 4న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బయలుదేరిన ఎల్ ఆల్ సంస్థ సరకు విమానంలో ఒక ఫ్యూజ్ పిన్ను అలసటతో అప్పటికే పగులు తీసి ఉంది. లోహానికీ అలసట ఉంటుంది. చిన్న బరువే లక్షలసార్లు పడి లేస్తుంటే లోపల వెంట్రుకంత పగులు మొదలై పెరుగుతుంది. ఆ సాయంత్రం కుడి రెక్క లోపలి ఇంజను ఊడి, పక్క ఇంజనును కూడా ఊడగొట్టింది. వెనక్కి తిరిగి దిగాలని చూసిన విమానం బైల్‌మర్‌మేర్ అపార్ట్‌మెంట్ల మీద కూలింది. విమానంలోని నలుగురితో కలిపి 43 మంది చనిపోయారు.

బలహీనతకు కూడా కొలత ఉండాలని, ఆ కొలత కాలంతో పాటు మారుతుందని ఆ పిన్ను చెప్పిన పాఠం. పడవ పిన్నుకూ అదే వర్తిస్తుంది. విరిగేదాకా ఆగక, ప్రొపెల్లర్ తీసినప్పుడల్లా పిన్ను వంగిందేమో చూసి, వంగితే మార్చెయ్యాలి.

మీకు పడవ ఉంటే, మీ మోటారు తయారీదారు చెప్పిన కొలతలో, చెప్పిన లోహంలో రెండు పిన్నులు, రెండు స్ప్లిట్ పిన్నులు, ఒక ప్లయరు, ఒక పంచ్ సంచిలో వేసి సీటు కింద కట్టెయ్యండి. పడవ లేకపోతే మీ ఇంటి మీటరు పెట్టె సంగతి ఆలోచించండి. పింగాణీ ఫ్యూజులో ఎప్పుడో ఒకరాత్రి, మాటిమాటికీ పోతోందని విసుగెత్తి, ఎవరో లావుపాటి రాగి తీగ మెలేసి ఉండవచ్చు. మన సరస్సు మధ్య మేకు అదే. రేపు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మెయిన్ ఆపించి, సరైన కొలత తీగ వేయించండి.